పాత ఇంట్లో సెంట్రల్ ఏసీ: బాగు చేయించాలా, మొత్తం మార్చాలా?

పాతిల్లు_పైఅంతస్తు
1978లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. కొన్నప్పటి నుంచి ఏసీ జోలికి పోలేదు. బయటి యూనిట్ ప్లేటు మీద తయారీ 2004 అని ఉంది. మూడున్నర టన్నులు, గ్యాస్ ఆర్-22. కింద హాలు బాగానే చల్లబడుతుంది. పైన పడకగదుల్లో మాత్రం రాత్రి పదకొండు దాటినా ఉక్కపోతే. మిషన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, బిల్లు ఏటికేడు పెరుగుతోంది.

నిన్న వచ్చిన టెక్నీషియన్ గేజీలు తగిలించి, ఇలా చూసి అలా తీసేసి, "గ్యాస్ తక్కువుంది, ఈ గ్యాస్ ఇక దొరకదు, మొత్తం మార్చేయండి, నాలుగు టన్నులు వేస్తే పైన కూడా చల్లబడుతుంది" అని కొటేషన్ చేతిలో పెట్టాడు. ఈ వారంలోపు సంతకం పెడితే డిస్కౌంటట. పోయినేడు గ్యాస్ ఎక్కించింది కూడా వీళ్లే. మా ఆవిడ "మార్చేద్దాం, పీడా పోతుంది" అంటోంది. మా నాన్న "తిరిగే మిషన్ని ఎవడైనా పారేస్తాడా" అంటున్నారు. ఏం చేయమంటారు?

రెంచి_రాజు
సంతకం పెట్టకండి. ముందు ఒకటే అడగండి: లీకు ఎక్కడ?

ఏసీలో గ్యాస్ వాడకం వల్ల తరగదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పోయినేడు ఎక్కించి, ఈ ఏడు మళ్లీ తక్కువంటున్నాడంటే లీకు ఎవరూ వెతకలేదన్నమాట. అలా ఎక్కించుకుంటూ పోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఉక్కపోత
"ఈ వారంలోపే" అన్నవాడు వచ్చే వారం తనే ఫోన్ చేసి ఇంకాస్త తగ్గిస్తానంటాడు. రాసిపెట్టుకోండి.

కొత్తది_కొందాం
నేను మాత్రం మీ ఆవిడ పక్షం. ఇరవై ఏళ్లు దాటిన మిషన్ అది. ఇవాళ గ్యాస్, రేపు ఫ్యాన్ మోటారు, ఎల్లుండి కంప్రెసర్. మామూలుగా వీటి ఆయుష్షు 15 నుంచి 20 ఏళ్లు. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోటయితే ఇంకా తక్కువ. మా పిన్నివాళ్ల పాత యూనిట్‌కి వేసవంతా ఏదో ఒకటి మారుస్తూనే ఉన్నారు, చివరికి నడి ఎండల్లో కంప్రెసర్ పోయింది. ఆ సమయంలో మంచి పనివాళ్లెవరికీ ఖాళీ ఉండదు. దొరికినవాడు ఏది తెస్తే అదే పెట్టించుకున్నారు. పూర్తిగా పోయేదాకా ఆగితే ఎంచుకునే వీలే ఉండదు.

లెక్కల_పంతులు
బిల్లు సంగతి తేల్చుకుందాం. 2004 నాటి మామూలు యూనిట్ సీర్ (కరెంటుకి ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె) 10 దగ్గర ఉంటుందనుకుందాం. కొత్తది 15 తీసుకుంటే అంతే చల్లదనానికి మూడో వంతు కరెంటు తక్కువ. 10 నుంచి 20కి పోతే సగం తక్కువ. కానీ రెండు షరతులు. ఒకటి, ఆ తగ్గేది ఏసీ వాడే కరెంటులోనే, మొత్తం బిల్లులో కాదు. రెండు, ఆ అంకెలు ప్రయోగశాలలో, సరైన గాలి అందే డక్టులతో (గదులకు గాలి తీసుకెళ్లే గొట్టాలు) తీసినవి. మీ అటకలో డక్టులు ఎలా ఉన్నాయో ఆ స్టిక్కర్‌కి తెలీదు.

డక్టు_డాక్టర్
పంతులుగారు నా నోట్లో మాట లాగేశారు.

కింద చల్లగా ఉండి పైన ఉక్కగా ఉందంటే మిషన్ చల్లబరుస్తోందనే అర్థం. ఆ చల్లదనం పైకి చేరడం లేదు. మామూలు ఇళ్లలో డక్టుల్లోంచి నడిచే గాలిలో 20 నుంచి 30 శాతం చీలికల్లో, ఊడిన అతుకుల్లో పోతుందని ఇంధన పొదుపు సంస్థలు చాలాకాలంగా చెబుతున్నాయి. మీది 1978 నాటి ఇల్లు, అటకలో మనిషి తిరిగి ఎన్నాళ్లయిందో. ఎండాకాలం మధ్యాహ్నం అటకలో వేడి 50 డిగ్రీలు దాటుతుంది. 13 డిగ్రీల గాలి సన్నటి గుడ్డ చుట్టిన రేకు గొట్టంలో ఆ వేడి మధ్య నుంచి రావాలి. నాలుగు టన్నులు కాదు, ఆరు టన్నులు పెట్టినా అటకే చల్లబడుతుంది.

పొద్దున్నే, ఎండెక్కకముందు, లైటు పట్టుకుని అటకెక్కండి. డక్టు అతుకుల దగ్గర, వేడి తగలకుండా పైన చుట్టిన గాజుదూది మీద నల్లటి చారలు కనిపిస్తే అది బూజు అనుకుని కంగారు పడకండి. చాలాసార్లు అది దుమ్మే. అక్కడి నుంచి గాలి తోసుకుపోతుంటే ఆ దూది ఫిల్టరు పని చేసి దుమ్ము పట్టుకుంటుంది. చార ఎక్కడుందో లీకు అక్కడుంది.

అద్దెకున్నాం
50 డిగ్రీల అటక! మా ఓనరు మా గది కూడా అలాంటిదే అని ఒప్పుకుంటే బాగుండు.

రెంచి_రాజు
ఒక్క జాగ్రత్త. ఇంత పాత ఇళ్లలో డక్టుల చుట్టూ, అతుకుల మీద తెల్లటి కాగితంలాంటి పట్టీ ఉంటే చేత్తో పీకొద్దు. 1980కి ముందు కట్టినవాటిలో ఆస్బెస్టాస్ వాడేవారు. పరీక్ష చేయించాకే ముట్టుకోవాలి. కదిలించనంత వరకూ సాధారణంగా గొడవ లేదు, చింపితేనే పొడి గాల్లో కలుస్తుంది.

పాతిల్లు_పైఅంతస్తు
ఇవాళ పొద్దున్నే ఎక్కాను. తెల్ల కాగితం లేదు, పసుపు దూదే. నల్ల చారలు మాత్రం చాలా చోట్ల ఉన్నాయి. మూల పడకగదికి పోయే గొట్టం పెద్ద డక్టు నుంచి దాదాపు ఊడిపోయి వేలాడుతోంది, బెత్తెడు సందు. చెయ్యి పెడితే అటకలోకి జివ్వున చల్లగాలి! ఎవరో బట్ట టేపు చుట్టారు, ఎండకు బిరుసెక్కి రాలిపోయింది.

డక్టు_డాక్టర్
బట్ట టేపుతో అతికితే ఇంతే. 1998లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల రకరకాల టేపులను వేడి, చలి మార్చి మార్చి పెట్టి పరీక్షిస్తే అన్నిటికన్నా ముందు ఊడింది అదే. అతుకుని ముందు స్క్రూలతో బిగించాలి, దాని మీద మాస్టిక్ అనే జిగురు ముద్దను బ్రష్‌తో మందంగా పూయాలి. సందు పెద్దదైతే మధ్యలో ఫైబర్ జాలీ వేసి పూయాలి. టేపే కావాలంటే డక్టుల కోసమే చేసిన అల్యూమినియం ఫాయిల్ టేపు. వెనక కాగితం ఒలిచి అంటించే రకం.

ఉక్కపోత
అయితే ఇన్నాళ్లూ అటకలో ఎలుకలకి ఏసీ బిల్లు కట్టారన్నమాట.

పాతిల్లు_పైఅంతస్తు
ఎలుకలు లేవు లెండి. ఉంటే రుణపడి ఉండేవి.

కొత్తది_కొందాం
డక్టు సరిచేయండి, ఎవరు కాదన్నారు? అయినా గ్యాస్ తక్కువన్న మాట అలాగే ఉంది కదా. ఆర్-22 సిస్టంలో లీకు అంటేనే మార్చే టైం వచ్చినట్టు. ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అభివృద్ధి చెందిన దేశాల్లో దాని కొత్త ఉత్పత్తి 2020తో ఆగిపోయింది, మిగతా దేశాలకు 2030 గడువు. ఆగిపోయిన చోట్ల పాత నిల్వలూ, పాత మిషన్లలోంచి తీసి శుద్ధి చేసిన గ్యాసూ మాత్రమే నడుస్తున్నాయి.

రెంచి_రాజు
ఆ తేదీలు సరైనవే. అందులోంచి మీరు తీసిన అర్థమే తేడా. "దొరకదు" వేరు, "కొత్తగా తయారు కాదు" వేరు. శుద్ధి చేసిన ఆర్-22 ఇప్పటికీ దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. ఏటా ఎక్కించాల్సి వస్తే భారమే. లీకు చిన్నదై, కట్టేయగలిగి, ఒకసారి నింపితే సరిపోయేదైతే ఆ లెక్క వేరు.

లీకు ఎక్కడుందన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. గేజి తగిలించే పోర్టుల్లో చిన్న పిన్ను వాల్వు ఉంటుంది, అది వదులైతే మార్చడం చిటికెలో పని. రాగి గొట్టం అతుకు దగ్గరైతే మళ్లీ వెల్డు పెట్టొచ్చు. లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) రాగికి సన్న బెజ్జాలు పడితే అతుకులు వేయడం దండగ, ఒకటి మూసేలోపు పక్కన ఇంకోటి వస్తుంది. లోపలి కాయిల్ పోయిందంటే ఈ వయసు మిషన్‌కి నేనూ మార్చమనే చెప్తాను.

గాలిమర_గౌరి
ఆర్-22 బదులు "డ్రాప్ ఇన్" గ్యాస్ వేస్తాం, అన్నీ అవే పనిచేస్తాయి అని చెప్పేవాళ్లున్నారు. వాళ్ల సంగతేంటి రాజుగారూ?

రెంచి_రాజు
ఆర్-407సి, ఆర్-422డి లాంటివి వాడతారు. ఊరికే పోసేసి వెళ్లిపోయే పని కాదు. ఉన్న ఆర్-22 పూర్తిగా బయటకు తీసి సిలిండర్‌లో పట్టాలి, దాని మీదే కొత్తది కలిపేయకూడదు. 407సి అయితే కంప్రెసర్‌లోని మినరల్ నూనె తీసి వేరే రకం పోయాలి. ఏ గ్యాస్ ఉందో బయట స్టిక్కర్ అంటించాలి, లేకపోతే తర్వాత వచ్చేవాడు తప్పు లెక్కతో గేజీ చదువుతాడు. చల్లదనమూ కాస్త తగ్గుతుంది. ఆర్-22 తర్వాతి మిషన్లలో వాడిన ఆర్-410ఏ మాత్రం పాత దాంట్లో ఎప్పటికీ పోయకూడదు. దాని ఒత్తిడి ఆర్-22 కన్నా ఒకటిన్నర రెట్లు పైమాటే, పాత కంప్రెసర్, కాయిల్ దానికి చేసినవి కావు.

అద్దెకున్నాం
కింది అంతస్తు చల్లగా, పైది వేడిగా. మా ఇంట్లో ఉల్టా. బేస్‌మెంటులో దుప్పటి కప్పుకుంటాం, పైన విసనకర్ర. ఇది లోకమంతా ఇంతేనా?

డక్టు_డాక్టర్
అది ఉల్టా కాదు మహానుభావా, అదే కేసు.

సీతమ్మ_సందేహం
మా అనుభవం చెప్తాను, టన్నులు పెంచాలనుకునేవాళ్లకు ఉపయోగం. మా పాతింట్లో మూడు టన్నులది పోతే, పెట్టినవాళ్లు "ఎందుకైనా మంచిది" అని నాలుగు పెట్టారు. ఇల్లు గబగబా చల్లబడేది, మిషన్ గబుక్కున ఆగిపోయేది, కాసేపటికి మళ్లీ మొదలు. థర్మోస్టాట్‌లో 23 కనిపిస్తుంది, ఒళ్లు మాత్రం జిడ్డు జిడ్డుగా ఉండేది. దిండు గలీబులు తడిసినట్టుండేవి. ఎందుకంటే గాల్లో తేమ కాయిల్ మీద నీరై కారాలంటే మిషన్ కాసేపు ఏకధాటిగా నడవాలి. ఐదారు నిమిషాలకే ఆగిపోతే కాయిల్ మీద చేరిన నీళ్లు కింద డ్రెయిన్‌లోకి దిగేలోపే ఫ్యాన్ ఆరబెట్టి మళ్లీ గదుల్లోకే పంపిస్తుంది. పెట్టినవాళ్లను పిలిస్తే "టెంపరేచర్ వస్తోంది కదమ్మా" అనే సమాధానం. చివరికి విడిగా డీహ్యూమిడిఫైయర్ కొనుక్కున్నాం.

లెక్కల_పంతులు
సీతమ్మగారు చెప్పింది బంగారం. పాతిల్లు గారూ, మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు, దానికి నిమిషానికి 350 నుంచి 400 ఘనపుటడుగుల గాలి కాయిల్ మీదుగా పోవాలి. నాలుగు టన్నులకు 1,400 నుంచి 1,600. మీ డక్టులు 1978 నాటివి, ఇప్పుడున్న మూడున్నర టన్నులకే అవి గాలి ఇవ్వగలుగుతున్నాయో లేదో అనుమానం. గాలి చాలకుండా పెద్ద మిషన్ పెడితే కాయిల్ మరీ చల్లబడి మంచు కడుతుంది. అప్పుడు ఆ వచ్చే కాస్త గాలి కూడా ఆగుతుంది.

అందుకే పాత ప్లేటు మీద ఎంత ఉందో అంతే రాసేసేవాణ్ణి, దానికి అర టన్ను కలిపేవాణ్ణి నమ్మకండి. కిటికీలు ఎన్ని, ఏ దిక్కు, అటకలో దూది మందం ఎంత, ఇంట్లో ఎంతమంది, గాలి ఎంత కారుతోంది, ఇవన్నీ చూసి గదిగదికీ లోడ్, అంటే ఎంత వేడి తీసేయాలో, లెక్క కట్టాలి. మాన్యువల్ జె అని దానికో పద్ధతే ఉంది. ఆ లెక్క కాగితం మీద చూపించమనండి. చూపించకపోతే ఇంకొకరు.

కొత్తది_కొందాం
టన్నుల విషయంలో ఒప్పుకుంటున్నా. నాలుగు వద్దు. కొత్తదే వద్దన్న మాట మాత్రం ఒప్పుకోను.

మెల్లగా_చెప్తా
ఒక చిన్న పరీక్ష. పైన పడకగదిలో తలుపు మూసి, ఏసీ నడుస్తుండగా, తలుపుని వేలెడంత తెరవండి. గాలి రయ్యిన బయటికి తోసుకొస్తే ఆ గదిలోకి వచ్చిన గాలి వెనక్కి పోయే దారి లేదన్నట్టు. పాత ఇళ్లలో తిరుగు గాలికి ఒక్కటే పెద్ద జాలీ, అదీ కింద హాల్లో ఉంటుంది. పడకగది తలుపు మూయగానే లోపల ఒత్తిడి పెరిగి, కొత్త చల్లగాలి లోపలికి రానివ్వదు. తలుపు కింద కాస్త కోయించడమో, గోడ పైభాగంలో జాలీ పెట్టించడమో చేస్తే చాలాసార్లు తీరిపోతుంది.

పాతిల్లు_పైఅంతస్తు
చేసి చూశా. గాలి తోస్తోంది. మా అమ్మాయి గదికి కింద కొత్త తివాచీ వేయించాక తలుపు నేలను రాసుకుంటోంది, ఇప్పుడు అర్థమైంది ఆ గదే ఎందుకు అంత ఘోరమో.

ఇంకో సంగతి. రాజుగారు చెప్పినట్టు వేరే టెక్నీషియన్‌ని పిలిచాను, లీకు వెతకడానికి మాత్రమే అని ముందే చెప్పి. రేపు వస్తాడు. ఏమేం కొలవమని అడగాలి?

రెంచి_రాజు
ఇవి అడగండి, అంకెలు కాగితం మీద రాయించుకోండి.

తిరుగు గాలి జాలీ దగ్గర, లోపలి యూనిట్ నుంచి బయటికొచ్చే గాలి దగ్గర ఉష్ణోగ్రతలు. తేడా సుమారు 9 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. డక్టులో స్టాటిక్ ప్రెషర్, అంటే గాలి తోయడానికి బ్లోయరు (లోపలి ఫ్యాన్) ఎంత ఒత్తిడి పెట్టాల్సి వస్తోందో; చాలా యూనిట్లకు 0.5 అంగుళాల నీటి మట్టం పరిమితి. బయటి యూనిట్‌లో మోటార్లు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్ విలువ: లేబుల్ మీద 45+5 (కంప్రెసర్‌కి 45, ఫ్యాన్‌కి 5 మైక్రోఫారడ్లు) అని ఉంటే మీటర్‌లో దానికి ఐదారు శాతం లోపే రావాలి. కంప్రెసర్ ఎన్ని యాంపియర్లు లాగుతోంది. గ్యాస్ ఎంత తక్కువో కేవలం ఒత్తిడి చూసి కాదు, సూపర్‌హీట్ (ఆవిరైన గ్యాస్ మరిగే స్థాయికన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందో) లెక్కతో చెప్పాలి. ఫిల్టర్ మురికిగా ఉన్నా, ఫ్యాన్ నెమ్మదించినా కూడా గేజీ తక్కువ చూపిస్తుంది. మొదట వచ్చినాయన ఆ తేడా చూశాడో లేదో.

కెపాసిటర్‌ని మీరు మాత్రం ముట్టుకోకండి. కరెంటు ఆపేసినా అందులో చార్జి ఉంటుంది, గట్టిగా కొడుతుంది.

ఉక్కపోత
మా పక్కింటాయనకి బయటి యూనిట్ "కంప్రెసర్ కాలిపోయింది, మొత్తం మార్చాలి" అన్నారు. వేరేవాళ్లు వచ్చి చూస్తే కెపాసిటర్ మూత పైకి ఉబ్బి ఉంది. మార్చగానే లేచి కూచుంది. ఆయన ఇప్పటికీ ఎవరు దొరికినా ఆపి మరీ చెప్తాడు ఈ కథ.

గాలిమర_గౌరి
మాకైతే చీమలు! బయటి యూనిట్‌కి కరెంటు కలిపే స్విచ్చు ఉంటుందే, ఆ కాంటాక్టర్ పలకల మధ్య దూరి చచ్చి, ఒకదాని మీద ఒకటి చేరి, కరెంటు కలవకుండా చేశాయి. టెక్నీషియన్ బ్రష్‌తో దులిపి, కాలిపోయిన పలకలు చూసి కాంటాక్టర్ మార్చాడు. చిన్న పార్టు, అరగంట పని.

కొత్తది_కొందాం
చీమల కేసుని ఇరవై ఏళ్ల మిషన్‌కి తీర్పుగా వాడకండమ్మా.

పాతిల్లు_పైఅంతస్తు
వచ్చి వెళ్లాడు. మంచి మనిషిలా ఉన్నాడు, మాట తక్కువ, కొలత ఎక్కువ.

గాలి తేడా 7 డిగ్రీలు. స్టాటిక్ ప్రెషర్ 0.9. కెపాసిటర్ లేబుల్ 45+5, 45 బదులు వచ్చింది 38, మార్చేశాడు. గ్యాస్ తక్కువే. సబ్బు నురగ పూస్తే పోర్టు దగ్గర బుడగలు. దాని మీద ఉండాల్సిన ఇత్తడి మూత లేనే లేదు! చుట్టూ నూనె జిడ్డుకి మట్టి పట్టి నల్లగా ఉంది. పోయినేడు గ్యాస్ ఎక్కించినవాళ్లు మూత పెట్టకుండా పోయారన్నది స్పష్టం. పిన్ను వాల్వు మార్చి మూత బిగించాడు. లోపలి కాయిల్ దగ్గర ఎలక్ట్రానిక్ డిటెక్టర్ ఒకసారి కూసింది, మళ్లీ పెడితే కూయలేదు. "కచ్చితంగా చెప్పాలంటే గ్యాస్ అంతా తీసి నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి" అన్నాడు.

ఇంతకీ ఫిల్టర్: పోయినేడు అలర్జీకి మంచిదని మెర్వ్ 13 (ఈ అంకె పెరిగేకొద్దీ సన్న దుమ్మునీ ఆపుతుంది), ఒక అంగుళం మందంది వేశాం. దాన్ని తీసి చూస్తే ప్రెషర్ 0.7కి పడింది.

డక్టు_డాక్టర్
0.9! పాపం ఆ బ్లోయరు. ఒక అంగుళం మందంలో మెర్వ్ 13 వేస్తే చాలా పాత సిస్టంలు ఊపిరాడక చస్తాయి. అంత వడకట్టాలంటే నాలుగైదు అంగుళాల మందపు ఫిల్టర్‌కి పెట్టె కట్టించాలి, వైశాల్యం పెరిగి గాలి తేలిగ్గా పోతుంది. అప్పటిదాకా మెర్వ్ 8 వేసుకోండి, నెల నెలా చూడండి. మిగతా 0.7 మీ తిరుగు గాలి దారి చాలకే. ఒక్క జాలీతో నడుస్తున్న ఇల్లు కదా.

రెంచి_రాజు
నైట్రోజన్ పరీక్ష చేయించండి. కాయిల్ నిలబడితే గ్యాస్ నింపుకుని డక్టుల పని మొదలుపెట్టండి. నిలబడకపోతే ఆ డబ్బు గ్యాస్ మీద పోయకుండా కొత్తదానికి దాచుకోండి.

కొత్తది_కొందాం
సరే, కాయిల్ నిలబడిందనుకుందాం. వచ్చే వేసవి కంప్రెసర్ పోతే? ఇప్పుడు పెట్టిన గ్యాస్ ఖర్చు గాలికేగా.

రెంచి_రాజు
పోవచ్చు. కానీ డక్టుల పని వృథా కాదు, కొత్త మిషన్ వచ్చినా అవే డక్టులు. అటకలో దూది పెంచితే లోడ్ తగ్గి, కొత్తది చిన్నదే సరిపోతుంది. వరస ఇదే ఉండాలి: ముందు ఇల్లు, తర్వాత డక్టు, ఆ తర్వాత మిషన్. ఇవాళ మిషన్ కొని రేపు దూది వేయించినవాళ్లకు ఆ మిషన్ పెద్దదైపోతుంది. అప్పుడు సీతమ్మగారి దిండు గలీబులే.

సీతమ్మ_సందేహం
నా గలీబులు ఇంత ఫేమస్ అవుతాయనుకోలేదు.

తోటలో_ఇల్లు
నాది వేరే ప్రశ్న, ఇక్కడే అడుగుతున్నా. మా తాతగారి ఇల్లు ఇంకా పాతది, మందపాటి గోడలు, డక్టులే లేవు. సెంట్రల్ పెట్టించాలా, గోడకు పెట్టేవా?

మెల్లగా_చెప్తా
డక్టులు లేని ఇంటికి కొత్తగా వేయాలంటే అలమరలు, పైకప్పు మూలలు మింగేస్తాయి. పాత సున్నపు పనీ, చెక్క పనీ పాడవుతాయి. గదికో గోడ యూనిట్, బయట ఒకటో రెండో మిషన్లు పెడితే గోడకి చిన్న బెజ్జం చాలు. ఇన్వర్టర్ కంప్రెసర్ కాబట్టి అవసరాన్ని బట్టి నెమ్మదిగా నడుస్తుంది. ఇబ్బందల్లా గోడ మీద కనబడుతుందన్నదే. గది గదికీ నీళ్ల గొట్టం వాలు చూసుకోవాలి. ఇల్లు అందంగా ఉండాలంటే సన్న గొట్టాలతో ఎక్కువ వేగంగా గాలి పంపే చిన్న డక్టు సిస్టంలు కూడా ఉన్నాయి. ఖరీదు ఎక్కువ.

గాలిమర_గౌరి
చలికాలం వేడి కూడా కావాలంటే ఏసీ బదులు హీట్ పంపే తీసుకోండి. మిషన్ అదే, లోపల దిశ మార్చే వాల్వు ఒకటి అదనం. మేం అదే తీసుకున్నాం, పాత గ్యాస్ హీటరుని మరీ చలి రోజులకు ఉంచాం.

కొత్తది_కొందాం
కొత్తది కొంటే ఏ గ్యాస్ అనేది కూడా చూడండి. ఆర్-410ఏ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా 2,088 రెట్లు, ఆర్-22ది 1,810. అంటే ఓజోన్‌ని కాపాడబోయి వేడి విషయంలో వెనక్కి పోయాం. అందుకే ఇలాంటి గ్యాసుల్ని తగ్గించడానికి 2016 కిగాలీ ఒప్పందం. ఇప్పుడు ఆర్-32 675, ఆర్-454బి 466. ఇవి కాస్త మండే రకం, అందుకని లోపల లీకు సెన్సర్లు పెడుతున్నారు. చవగ్గా వస్తోందని మిగిలిపోయిన పాత స్టాకు కొంటే మళ్లీ పదేళ్లకు ఇదే చర్చ.

ఉక్కపోత
మండే గ్యాసా! మా అత్తగారు వింటే ఇంట్లోకి రానివ్వరు.

రెంచి_రాజు
వంటగ్యాస్ అంత తేలిగ్గా అంటుకునేది కాదు, కంగారు వద్దు. అయినా పెట్టేవాడు ఆ రకానికి శిక్షణ పొందాడో లేదో మాత్రం అడగాలి.

పాతిల్లు_పైఅంతస్తు
నైట్రోజన్ పరీక్ష అయింది. రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే ఒత్తిడి కదల్లేదు. కాయిల్ బాగానే ఉంది. శుద్ధి చేసిన ఆర్-22 తూకం వేసి నింపాడు. ఊడిన గొట్టం బిగించి మాస్టిక్ పూశారు, తలుపులు కింద కోయించాం, మెట్ల పైన ఇంకో తిరుగు జాలీ పెట్టారు. ప్రెషర్ 0.55. గాలి తేడా 10 డిగ్రీలు. మూల గది ఇప్పుడు హాలుతో సమానంగా ఉంటోంది.

లోడ్ లెక్క కూడా వేయించాను. అటకలో దూది పెంచితే మూడు టన్నులకు లోపే చాలట. నాలుగు టన్నుల ఆయన మళ్లీ ఫోన్ చేశాడు, డిస్కౌంట్ పెంచానంటూ.

ఉక్కపోత
నేను చెప్పానా లేదా!

లెక్కల_పంతులు
మరి కొత్తది ఎప్పుడు?

పాతిల్లు_పైఅంతస్తు
ఎండలు తగ్గాక కొటేషన్లు తీసుకోవడం మొదలుపెడతా, తొందర లేకుండా. నాన్న గెలిచానంటున్నారు, మా ఆవిడ వాయిదా మాత్రమే అంటోంది. కొటేషన్‌లో ఏం రాయించుకోవాలో ఎవరైనా చెప్పండి.

రెంచి_రాజు
లోపలి కాయిల్, బయటి యూనిట్ రెండూ జతగా పరీక్షించినవని మోడల్ నంబర్లతో రాయించండి. ఏసీల సామర్థ్యాన్ని ధృవీకరించే అమెరికా సంస్థ ఏఎచ్ఆర్ఐ జాబితాలో ఆ జత ఉంటుంది. బయటిది మాత్రమే మార్చి పాత కాయిల్ ఉంచేస్తాననేవాణ్ణి వద్దనండి. గొట్టాలు వెల్డు పెట్టేటప్పుడు లోపల నైట్రోజన్ పారించాలి, లేకపోతే లోపల నల్లటి పొలుసు ఏర్పడి వాల్వులో అడ్డం పడుతుంది. గ్యాస్ వదిలేముందు గొట్టాల్లోని గాలి, తేమ పంపుతో లాగేసి వాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి తేవాలి, గేజీ మీద మీకు చూపించాలి. పాత రాగి గొట్టాలు ఉంచుతానంటే సైజు సరిపోతుందో లేదో, ఎలా కడుగుతాడో రాయాలి. కొత్త బ్రేకరు సైజు యూనిట్ ప్లేటు మీద ఉన్నదానికి సరిపోవాలి, పాతది పెద్దదైతే మార్చాలి. వారంటీలో పార్టులు వేరు, కూలీ వేరు. రిజిస్టరు చేయకపోతే చాలా కంపెనీలు గడువు తగ్గించేస్తాయి.

తోటలో_ఇల్లు
గోడ యూనిట్లకి కూడా ఆ 500 మైక్రాన్లు వర్తిస్తాయా? మా ఊళ్లో ఒకతను పంపు లేకుండా గ్యాస్‌తోనే గాలి తోసేస్తానంటున్నాడు.

రెంచి_రాజు
వర్తిస్తుంది. గ్యాస్‌తో తోస్తే గాలీ, తేమా లోపలే మిగిలిపోతాయి, తోసిన గ్యాస్ బయటికి పోతుంది. పంపు, మైక్రాన్ గేజీ రెండూ ఉన్నవాణ్ణే పిలవండి.